పాడేరు మన్యం: తోట దగ్గరే చెప్పాల్సిన పాఠం

శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కితే అనంతగిరి నుంచే కాఫీ కనిపిస్తుంది. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద ముదురాకుపచ్చని కాఫీ మొక్కలు. అరకు, పాడేరు, చింతపల్లి వైపు కొండలన్నీ ఇంతే. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు పాడేరే కేంద్రం. తూర్పు కనుమల్లో కాఫీని 1898లో పాములేరు లోయలో నాటారంటారు. పోడుకు బదులుగా గిరిజనులకు కాఫీ అందించింది తర్వాతి కాలం. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఆ పేరు వెనక ఉన్నది ఎకరా, రెండెకరాల రైతులు. కొడగు ఎస్టేట్లలోలా తోట చూసే మేనేజరు ఇక్కడ ఉండడు. ఎండ ఎక్కువైతే తెల్ల కాండం తొలుచు పురుగు పెరుగుతుంది, నీడ మరీ దట్టమైతే కాపు తగ్గుతుంది. ఏ కొమ్మ నరకాలో కాగితం చెప్పలేదు, చెట్టు కిందే నిలబడి చూపించాలి. కాండం మీద ఉబ్బిన గీతలు చూసి పురుగును పట్టడం, ఏప్రిల్‌లో అది రెక్కలొచ్చి బయటపడకముందే మొక్కను పీకి కాల్చడం కూడా అంతే. ఎర్రబడ్డ పండే కోసి, ఆ రోజే తొక్క తీసే పల్పర్‌లో వేసి, జిగురు పోయేదాకా కడిగి ఆరబెడితే మంచి పార్చ్‌మెంట్ (పలుచని పొరతో ఉండే కాఫీ గింజ) వస్తుంది. పచ్చికాయ కలిస్తే రుచీ పోతుంది, ధరా పోతుంది.

ఆర్.వి.నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం ఉంది, పాడేరులో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉంది, కొనడానికి గిరిజన సహకార సంస్థ ఉంది. అయినా కొండ మీది ఊరికి, ఆఫీసుకి మధ్య దూరం చాలా ఎక్కువ. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లలో పుస్తకాల తెలుగు పాఠం సగమే చేరుతుంది. తోట ఉన్న ఆ ఊరి యువతకే నేర్పించి, జీతమిచ్చి పల్లెలకు పంపడాన్ని మించిన మార్గం నాకు కనిపించదు. పండు కోసే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి. శిక్షణలో ముందు వరుస వాళ్లకే ఇవ్వాలి.

ఈ పని ఎంత తొందరగా జరగాలో 2025 ఆగస్టు చెప్పింది. అరకు మండలం చినలబుడు పంచాయతీలో కాయ తొలుచు పురుగు బయటపడింది. మన దేశంలో 1990లో నీలగిరుల్లో తొలిసారి కనిపించిన పురుగది. పట్టిన కాయల్ని కోసి, వేడినీళ్లలో ముంచి, పూడ్చిపెట్టాల్సి వచ్చింది. నేల రాలిన ఒక్క పండు మిగిలినా పురుగు అందులో బతికి మరుసటి కాపు దాకా ఆగుతుంది. ఈ సంగతి ప్రతి ఇంటికీ తెలియాలి.

బొర్రా గుహలు, గాలికొండ, వెదురు బొంగులో చికెన్ గురించి అందరూ రాస్తూనే ఉన్నారు. అరకు వెళ్లేవారిని ఒక్కటే కోరుతున్నాను: ఆ కాయ తొలుచు పురుగు మళ్లీ రాకుండా, వేరే ప్రాంతాల కాఫీ తోటల నుంచి పండ్లు గానీ మొక్కలు గానీ గోనెసంచులు గానీ ఈ కొండలకు తేకండి.