డింకమ్ ఎక్కడి మాట?

బల్లరాట్, విక్టోరియా

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

ఇక్కడ ఆస్ట్రేలియాలో నిఖార్సైన దాన్ని ‘ఫెయిర్ డింకమ్’ అంటారు. ఆ మాటను ఇలాంటి బంగారు గనుల ఊళ్లకు ముడిపెట్టి ఒక కథ చెబుతారు. 1851లో విక్టోరియాలో బంగారం బయటపడ్డాక గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం నుంచి చైనావాళ్లు వేలల్లో వచ్చారు. 1855లో విక్టోరియా వాళ్లమీద తలకు 10 పౌండ్ల పన్ను వేస్తే, దాన్ని తప్పించుకోవడానికి దక్షిణ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవులో దిగి కాలినడకన గనులకు చేరారు. వాళ్ల భాషలో ‘అసలు బంగారం’ అనే మాటే తెల్లవాళ్ల నోట డింకమ్ అయిందట. కథ బాగానే ఉంది. అయితే అది నిజమైతే మాటకు మొదటి అర్థం ‘అసలైనది’ కావాలి కదా! 1882లో ధారావాహికగా మొదలైన రోల్ఫ్ బోల్డర్‌వుడ్ నవల ‘రాబరీ అండర్ ఆర్మ్స్’లో డింకమ్ అంటే ఒళ్లు వంచి చేసే చాకిరీ. జోసెఫ్ రైట్ 1898–1905 మధ్య 6 సంపుటాల్లో వెలువరించిన ఇంగ్లీషు మాండలిక నిఘంటువులోనూ అది పనే, మనిషి వంతుకొచ్చే పని. వాడుక లింకన్‌షైర్, డర్బీషైర్ ప్రాంతాలది. వంతు పనిలో న్యాయం, న్యాయంలోంచి నిజం: అర్థం ఇలా మారడం నమ్మదగ్గదే. బంగారంలోంచి చాకిరీ పుట్టిందనడమే కష్టం.

నీ అన్నయ్య

కాన్‌బెర్రా

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

నీ జాబులో, గనికూలీల నోటి మాట అచ్చులో లేనంత మాత్రాన అసలు లేదనడం అన్యాయమన్నావు. సబబే. కానీ నా వాదన చైనా మాట దొరకలేదని కాదు, ఇంగ్లండు పల్లె మాట దొరికిందని. గనుల నుంచి తిరిగి వెళ్లినవాళ్లే దాన్ని అక్కడికి మోసుకుపోయి ఉండొచ్చుగా అంటావేమో. అలాగైతే ‘అసలైనది’ అన్న అర్థాన్నీ మోసుకుపోవాలి. పైగా బ్రిటన్ మాండలికాలు గనుల్లోకి దిగడం కొత్తేమీ కాదు. వదిలేసిన గుంటల్లో మిగులు బంగారం వెతుక్కోవడాన్ని ఇక్కడ ‘ఫాసికింగ్’ అంటారు, దాని జాడ కార్న్‌వాల్ వైపు పోతుంది. అంతమాత్రాన అన్నీ తేలిపోలేదు. లింకన్‌షైర్‌కు డింకమ్ ఎలా వచ్చిందో ఎవరూ తేల్చలేదు. స్నేహితుణ్ని పిలిచే ‘కాబర్’ను కొందరు సఫోక్ పల్లె మాటకు, కొందరు యూదుల యిడ్డిష్‌కు కలుపుతారు; రెండిట్లోనూ అర్థం కుదురుతుంది కాబట్టి తీర్పు చెప్పలేం. తెలుగు అనే పేరు త్రిలింగం నుంచి వచ్చిందని మనం చెప్పుకునే కథనూ ఈ తూకంలోనే పెట్టాలి. కథ ఎంత ముచ్చటగా ఉన్నా, పాత వాడుకల ముందు నిలవాలి. పల్లె మాటలను నిఘంటువుకెక్కించే పద్ధతి మనకూ ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వెలువరించిన వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం రైతుల నోటి మాటలనే ఆధారం చేసుకుంది. నోటి మాటకు సాక్ష్యం ఉండదనేవాళ్లకు అదే జవాబు.

నీ అన్నయ్య