మదర్‌బోర్డు మార్చిన వారం

పిల్లలూ, ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన ఇంట్లో ఏవి ముందు సర్దుతారో మీకు నేను చెప్పనక్కర్లేదు. పుస్తకాలు, చలికాలం బట్టలు, అటక మీది సామాను ముందే అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోతాయి. ఆఖరిదాకా మిగిలేవి గ్యాస్ పొయ్యి, చీపురు, కంప్యూటరు. మా ఇంటి కంప్యూటరు అలా మూడుసార్లు ఆఖరి పెట్టెలో ప్రయాణం చేసింది. 2012లో గుంతకల్లులో, నా మొదటి పోస్టింగులో కొన్నాను. అక్కణ్ణుంచి బిలాస్‌పూర్, తర్వాత ఖుర్దా రోడ్, ఇప్పుడు ఖరగ్‌పూర్. నాలుగూ రైల్వే ఊళ్ళే. రాత్రి షంటింగ్ చప్పుడు వినపడకపోతే నిద్రపట్టని స్థితికి వచ్చాను.

ఖరగ్‌పూర్ గురించి మీకు తెలిసిందే. 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోనే పొడవైనదని చెప్పుకొన్నాం. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాన్ని దాటేశాయి. అయినా ఇక్కడి రిక్షావాళ్ళు ఇంకా ఒప్పుకోరు. నాకు మాత్రం ఈ ఊళ్ళో నచ్చేది వేరే ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చినవాళ్ళ మనవలు, మునిమనవలు ఇక్కడ ఉన్నారు. కూరగాయల బజారులో బెంగాలీలో బేరమాడి, హిందీలో డబ్బిచ్చి, పక్కకి తిరిగి "ఏటి వదినా, ఇటొచ్చినావు" అంటారు.

పోయిన చలికాలంలో ఒక రోజు కంప్యూటరు స్విచ్ నొక్కితే లోపల ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. సరిగ్గా అదే వారం బిలాస్‌పూర్‌లో నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఫోను చేసింది. ఇప్పుడు కాలేజీలో ఉంది. "టీచర్, ఏడో క్లాసులో మా తాతయ్య గురించి రాశాను కదా, అది మీ దగ్గరుందా? వచ్చే నెల తాతయ్య సంవత్సరీకం. నాన్న అడుగుతున్నారు" అంది.

ఉంది. అన్నీ ఉన్నాయి. ఏ ఊళ్ళో పనిచేసినా పిల్లలు రాసినవాటిలో బాగున్నవి నేనే టైపు చేసి దాచుకునేదాన్ని. ఆ అమ్మాయి రాసింది 2016 నాటిది. వాళ్ళ తాతయ్య పలాస వైపు నుంచి వచ్చి రైల్వేలో కీమ్యాన్‌గా చేశారు. కీమ్యాన్ అంటే తెలుసా? తన వంతు ట్రాక్ పొడవునా రోజూ నడిచి, పట్టాని స్లీపరుకి పట్టి ఉంచే కీలు బిగుతుగా ఉన్నాయో లేదో చూసి, వదులైనవాటిని సుత్తితో కొట్టి బిగించే మనిషి. మీరు కిటికీ పక్కన కూర్చుని చూసే ఉంటారు, భుజాన సుత్తి, చేతిలో జెండా.

మరి చిక్కెక్కడ? హార్డ్ డిస్కు బాగానే ఉంది. దాన్ని విప్పి వేరే కంప్యూటరుకి తగిలిస్తే ఫైళ్ళన్నీ కనిపించాయి. తెరిస్తే మాత్రం తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, ఆశ్చర్యార్థకాలు కలిపి చల్లినట్టుంది. అప్పట్లో మేం వాడిన తెలుగు ఫాంట్లు అలాంటివి. నిజానికి తెలుగుకి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది, ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉంది. కానీ డీటీపీ సెంటర్లలోనూ పత్రికల్లోనూ నడిచిన పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీదే తెలుగు బొమ్మలు తొడిగేవి. ఆ ఫాంటు ఉన్న చోట అది 'క'. లేని చోట ఏదో ఒక ఇంగ్లీషు ముక్క. పాత డిస్కులోంచి ఫాంటు తెచ్చి పెడితే చదవడానికి కొంత కుదిరింది గానీ, దిద్దడానికి కుదరలేదు. ఆ కీబోర్డు సాఫ్ట్‌వేరు నా పాత విండోస్ మీదే నడిచేది, దాని సీడీ రెండు ఇళ్ళ కిందటే సామానులో మాయమైంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వాటిలో వేస్తే ఒత్తులు ఒక అక్షరం ముందుకో వెనక్కో జరిగిపోయాయి. 'తాతయ్య' కాస్తా గుర్తుపట్టలేని వాడైపోయాడు. పాత కంప్యూటరు లేచి కూర్చుంటే తప్ప, పక్కన పెట్టుకుని చూసి సరిచేసే దారి లేదు.

కొత్తది కొనమని చెప్పనివారు లేరు. చెప్పని ఒకే ఒక్కరు మా పక్క వీధి బాబాయిగారు. సిగ్నల్ అండ్ టెలికాంలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన తాతగారి కాలం నుంచీ ఖరగ్‌పూరే. తెలుగు గలగలా మాట్లాడతారు, చదవడం రాదు. బడి హిందీలో అయింది. సంగతి విని, "ఇంత దానికి కొత్తది కొంటావేటమ్మా? ముందు పొట్ట ఇప్పు, సూద్దాం" అన్నారు.

ఇప్పాం. ముందుగా ప్లగ్గు పీకి, మళ్ళీ ఒకసారి పవర్ బటన్ నొక్కించారు. లోపల మిగిలిన కరెంటు దిగిపోవడానికట. తర్వాత డబ్బా ఇనప భాగాన్ని చేత్తో ముట్టుకోమన్నారు. మన ఒంట్లో చేరే స్థిర విద్యుత్తు మనకి చిటుక్కుమనేంత కూడా ఉండక్కర్లేదు, అంతకంటే తక్కువకే చిప్పులు పాడైపోగలవు. ర్యామ్ ముక్క తీసి, దాని బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్దారు. మన దేశంలో సగం కంప్యూటర్లు ఈ వైద్యంతోనే బతుకుతున్నాయని నా అనుమానం. మాది బతకలేదు. పవర్ సప్లై వేరేది తెచ్చి పెట్టినా అదే నల్ల తెర. అప్పుడు టార్చి వేసి చూపించారు. ప్రాసెసర్ పక్కన నిలబడ్డ కెపాసిటర్లలో రెండింటి నెత్తి ఉబ్బి ఉంది. ఆరోగ్యంగా ఉన్న కెపాసిటర్ నెత్తి బల్లపరుపుగా ఉంటుంది. ఆ రెండూ పూరీలు పొంగినట్టున్నాయి. వాటిని మార్చి చూశారు కూడా. మదర్‌బోర్డు పైకి ఒక పలకలా కనబడుతుంది గానీ, లోపల పొరలు పొరలుగా రాగి ఉంటుంది, సోల్డరింగ్ ఐరన్ వేడినంతా అది పీల్చేసుకుంటుంది. చాలాసేపు కుస్తీ పట్టి మార్చినా లాభం లేకపోయింది.

"తల్లి పోయిందమ్మా," అన్నారు. "మిగతావన్నీ బాగున్నాయి."

ఆ తల్లి అనే మాట ఎలా వచ్చిందోగానీ, 1981లో వచ్చిన ఐబీఎం పీసీ పుస్తకాల్లో దాన్ని సిస్టమ్ బోర్డు అనే రాశారు. నాకు తల్లి అనడమే నచ్చింది. తనంతట తాను లెక్కలు కట్టదు, ఏదీ దాచుకోదు. కట్టే ప్రాసెసర్‌కీ, గుర్తుపెట్టుకునే ర్యామ్‌కీ, దాచే డిస్కుకీ మధ్య మాటలు అందిస్తుంది, ఎవరికి ఎంత కరెంటు కావాలో అంత వడ్డిస్తుంది.

బాబాయిగారికి మాత్రం అది స్టేషన్‌లా కనబడింది. 2017 నవంబరులో ఖరగ్‌పూర్‌లో పాత రూట్ రిలే ఇంటర్‌లాకింగ్ తీసేసి ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పెట్టారు. ఇంటర్‌లాకింగ్ అంటే, ఒక బండికి దారి ఇచ్చాక దానికి అడ్డొచ్చే ఇంకో దారి ఎవరూ ఇవ్వలేకుండా తాళం వేసే ఏర్పాటు. పాత దానిలో 423 రూట్లు ఉండేవి, కొత్తదానిలో 800. ఆ పని కోసం బోలెడు బళ్ళు రద్దు చేశారు. "పట్టాలు అవే, ప్లాట్‌ఫారాలు అవే, బళ్ళు అవే. నడుమున బుర్ర మార్చినాం. వైరు వైరుకీ పేరు రాసి కట్టకపోతే అయిపోనాం" అన్నారు. అని, నా చేత కూడా ప్రతి వైరుకీ కాగితం చీటీ కట్టించారు. ఫోనుతో ఫోటోలు తీస్తే చాలదా అంటే వినలేదు.

అదే సాకెట్‌కి సరిపడే బోర్డు కావాలి. మా ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో 1155 పిన్నులుంటాయి, ఆ తర్వాతి తరాల బోర్డుల్లో అది పట్టదు. ర్యామ్ కూడా డీడీఆర్3, ఇప్పటి డీడీఆర్4 గాడిలో దిగదు, గాటు వేరే చోట ఉంటుంది. ఖరగ్‌పూర్‌లో దొరకలేదు. ఆదివారం లోకల్ ఎక్కి హౌరా, అక్కణ్ణుంచి కోల్‌కతా చాందినీ చౌక్. ఆ సందుల్లో తిరిగితే దొరకని ముక్క ఉండదంటారు. పదేళ్ళనాటి సాకెట్‌కి, నేను పేరు వినని కంపెనీ చేసిన కొత్త బోర్డు రెండువేల చిల్లరకి దొరికింది. అడిగిన వెంటనే అల్మారాలోంచి తీసి ఇచ్చాడంటే నాలాంటివాళ్ళు ఇంకా వస్తున్నారన్నమాట.

బోర్డు మా పాత డబ్బాలో పడుతుందా అని దారి పొడవునా బెంగ. పట్టింది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలత పెట్టినప్పటి నుంచి మరలు ఏ చోట ఉండాలో ఖాయమైపోయింది. ఎవరు చేసిన బోర్డయినా, ఎవరు చేసిన డబ్బా అయినా ఆ రంధ్రాలు కలుస్తాయి. మధ్య సంవత్సరంలో టీసీతో వచ్చి మీరు కొత్త బడిలో కూర్చుంటే, అక్కడా అదే పుస్తకంలో అదే పాఠం నడుస్తూ ఉంటుందే, అలాగ. కొత్త బోర్డు పాతదానికంటే చిన్నది కాబట్టి, దాని కింద రంధ్రం లేని చోట ఉన్న ఇత్తడి మేకుని తీసేశాం. అలాంటిది బోర్డు వెనక తగిలితే షార్ట్ అవుతుంది.

ఆ తర్వాత అసలు పని. ప్రాసెసర్‌ని లివరు ఎత్తి తీసి, మూల గుర్తు చూసుకుని, నొక్కకుండా కొత్త సాకెట్‌లో వదలాలి. పిన్నులు తల వెంట్రుకల్లా ఉంటాయి, ఒక్కటి వంగినా చిక్కే. పాత థర్మల్ పేస్టు ఎండి సున్నంలా అయింది, తుడిచి, కొత్తది కందిగింజంత వేశాం. ఫ్యాను బిగించి, పెద్ద ఇరవైనాలుగు పిన్నుల ప్లగ్గు, ప్రాసెసర్‌కి వేరే చిన్న ప్లగ్గు. ఇవన్నీ తేలికే. ఒక్క మూల మాత్రం అందరినీ ఏడిపిస్తుంది. డబ్బా ముందున్న బటన్‌నీ, దీపాలనీ కలిపే సన్న వైర్లు. చీమ తలంత పిన్నులు, పక్కన చదవలేనంత చిన్న రాత. దీపాలకి ప్లస్సూ మైనస్సూ చూడాలి, బటన్‌కి ఎటైనా ఫరవాలేదు. బాబాయిగారి కాగితం చీటీలు ఇక్కడ పనికొచ్చాయి. ఫోటోలో ఈ మూల అంతా నీడే.

స్విచ్ వేస్తే తెర వెలిగింది. విండోస్ గుర్తు కనిపించి, ఒక్క క్షణం నీలం తెర మెరిసి, మళ్ళీ మొదటికి. మళ్ళీ అదే. దీనికి బాబాయిగారి దగ్గర మందు లేదు, నా దగ్గర ఉంది. పాత బోర్డు డిస్కుతో ఐడీఈ పద్ధతిలో మాట్లాడేది, కొత్తది ఏహెచ్‌సీఐ పద్ధతిలో. బయోస్‌లోకి వెళ్ళి ఆ ఒక్క మాట మార్చగానే లేచింది. తారీఖు 2012 జనవరి 1 అని చూపించింది. పైగా ఈ విండోస్ అసలైనది కాకపోవచ్చు అని ఒక హెచ్చరిక. డిస్కు అదే, ర్యామ్ అదే, ప్రాసెసర్ అదే. కానీ కంపెనీ కంప్యూటరుతో ఇచ్చే విండోస్‌కి లైసెన్సు మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, బోర్డు మారితే ఇది వేరే కంప్యూటరు కిందే లెక్క. చిరునామా రుజువు లేదని గ్యాస్ కనెక్షన్ ఇవ్వని కౌంటరు దగ్గర మనం నిలబడ్డట్టు నిలబడింది పాపం.

'మా తాతయ్య సుత్తి' తెరిచాను. తెలుగులో ఉంది. రెండు రాత్రులు కూర్చుని, పాత తెర చూస్తూ లాప్‌టాప్‌లో యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేశాను. ఆ పిల్ల అప్పట్లో చేసిన తప్పులు కూడా అలాగే ఉంచాను, 'బిగించాడు'కి 'భిగించాడు' అని రాసింది, గట్టిగా బిగించాడనేమో. సంవత్సరీకానికి ఇంకా తొమ్మిది రోజులుండగా పంపాను.

సాయంత్రం ఫోను చేసింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "టీచర్, నాకు చదవడం రావట్లేదు." బిలాస్‌పూర్ తర్వాత నాగ్‌పూర్, ఆ తర్వాత పుణె. ఆ బళ్ళలో తెలుగు లేదు. పేరాలో తన పేరూ, తాతయ్య అన్న మాటా గుర్తుపట్టిందట, మిగతాది జ్ఞాపకం మీద ఊహించుకుందట. "మీరు చదివి పంపిస్తారా?"

మర్నాడు ఫోన్‌లో రికార్డు చేశాను. బాబాయిగారు అప్పుడే కంప్యూటరు ఎలా ఉందో చూద్దామని వచ్చి, కుర్చీలో కదలకుండా కూర్చున్నారు. బిగుతుగా ఉన్న కీని కొడితే 'ఠంగు'మంటుందనీ, వదులైన దాన్ని కొడితే 'డొప్పు'మంటుందనీ, తాతయ్య కళ్ళు మూసుకున్నా చెప్పేవాడనీ రాసింది ఆ పిల్ల. చదవడం అయి నేను రికార్డింగ్ ఆపాక ఆయన తల అడ్డంగా ఊపారు.

"డొప్పు కాదమ్మా. మా అయ్యా కీమ్యానే. 'బొద్దు' అనీవోడు. ఆ పాపకి సెప్పు."