ఇండియా బోర్డు ముందు

మణుగూరులో రాత్రి బండెక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. పీజీ చదవడానికి నేను అలాగే దిగాను. పొలిటికల్ సైన్స్‌లో సీటు వచ్చింది కాబట్టి చేరాను గానీ, అంతర్జాతీయ సంబంధాలు అనే సబ్జెక్టు ఒకటుంటుందని అప్పటిదాకా తెలియదు. మా కోయ ఊరికి తెలిసిన సరిహద్దు ఒక్కటే, ఛత్తీస్‌గఢ్‌ది. దాని అవతల మా మేనత్త ఉంటుంది.

ఆ సబ్జెక్టు చదివేవాళ్లకు కాలేజీలో ఒక విద్యార్థి సంఘం ఉండేది. ముప్పై మందిమి ఉంటామేమో. శనివారం మధ్యాహ్నం ఖాళీ క్లాస్‌రూంలో కూర్చుని, ఆ వారం పేపర్లో వచ్చిన ఏదో ఒక దేశం సంగతి మాట్లాడుకునేవాళ్లు. మాట్లాడుకునేవాళ్లం అనలేను. మొదటి ఏడాదంతా నేను కుర్చీలు సర్దాను, హాజరు పుస్తకం రాశాను. ఇంగ్లీషులో ఒక వాక్యం మనసులో కూర్చుకునేలోపు చర్చ ఇంకో దేశానికి వెళ్లిపోయేది. మీటింగ్ అయ్యాక క్లాక్ టవర్ దాకా నడిచి ఇరానీ చాయ్ తాగేవాళ్లం. అక్కడ అందరూ తెలుగులోకి దిగేవారు, నాకూ మాటలొచ్చేవి. భద్రతా మండలిలో వీటో అంటే ఏమిటో నాకు సరిగ్గా అర్థమైంది ఆ చాయ్ దగ్గరే.

ఏడాదికోసారి నమూనా ఐక్యరాజ్యసమితి పెట్టేవాళ్లు. ఒక్కొక్కరు ఒక్కో దేశం. ముందు ఆ దేశం పేరున్న బోర్డు. మాట్లాడాలంటే బోర్డు ఎత్తాలి. నీ మనసులో మాట కాదు, ఆ దేశం మాట చెప్పాలి. ఆట రూలంతా అదే.

రెండో ఏడాది తీసుకున్న అంశం ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటన. 2007 సెప్టెంబర్ 13న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ దాన్ని ఆమోదించింది. 144 దేశాలు అవునన్నాయి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కాదన్నాయి, తర్వాత ఆ నాలుగూ మనసు మార్చుకున్నాయి. 11 దేశాలు ఎటూ చెప్పలేదు. మొత్తం 46 అధికరణాలు. ఇష్టం లేకుండా ఊళ్లు ఖాళీ చేయించకూడదని పదోది చెబుతుంది. సొంత భాషలో చదువు చెప్పుకునే హక్కు పద్నాలుగోది. మొదటిసారి చదివినప్పుడు, మా ఊరి గురించి ఎవరో అంత దూరాన కూర్చుని రాశారే అనిపించింది.

చీటీలు వేశారు. నాకు ఇండియా వచ్చింది. అందరూ అదృష్టమన్నారు.

ఇండియా అవుననే ఓటు వేసింది. అయితే ఓటుతో పాటు చెప్పిన మాట ఇంకోటుంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ దేశంలో ఉన్నవాళ్లందరూ, వాళ్ల వారసులూ ఇక్కడి మూలవాసులేనన్నది మన ప్రభుత్వ వైఖరి. అంటే ఫలానా తెగలు మాత్రమే ఆ మాటకు అర్హులని ఒప్పుకోదు. ఇంకా వెనక్కి వెళ్లి చదివాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1957లో 107వ ఒడంబడిక చేసింది. తెగల జనాన్ని మెల్లగా మిగతా సమాజంలో కలిపేయాలన్నది దాని ధోరణి. ఇండియా 1958లో దాన్ని ఆమోదించింది. ఆ ధోరణి తప్పని అదే సంస్థ 1989లో 169వ ఒడంబడిక తెచ్చింది. దాన్ని ఇండియా ఆమోదించలేదు. సంస్థ పాత చొక్కా విప్పేసినా మనం ఇంకా వేసుకునే ఉన్నామన్నమాట.

ఆ చదువులోనే జైపాల్ సింగ్ ముండా దొరికారు. 1928 ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన హాకీ జట్టు కెప్టెన్‌గా ఆయన పేరు ఏదో క్విజ్‌లో విన్నాను, అంతే. రాజ్యాంగ సభలో మా తరఫున నిలబడి మాట్లాడారని, ఆదివాసీ అన్న మాట కోసం పట్టుబట్టారని తెలియదు. రాజ్యాంగంలో చివరికి పడిన మాట షెడ్యూల్డ్ తెగలు.

ఆ రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని నాయనకు ఫోన్ చేశాను. ఇట్లా చెప్పాలంట అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

"అందరూ మొదటోళ్లేనా?" అన్నాడు.

"అట్లనే చెప్పాలె."

"మరి మన భూమి మీద 1/70 ఎందుకు పెట్టిండ్రు బిడ్డా?"

షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా ఆపే 1/70 చట్టం మా ఇళ్లలో చుట్టం పేరంత మామూలు మాట. ఐదో షెడ్యూలు, 1996 నాటి పెసా, సర్కారు కూడా గిరిజనుల భూమిని ప్రైవేటు గనులకు లీజుకివ్వకూడదన్న 1997 సమతా తీర్పు, ఇవన్నీ నా నోట్సులో ఉన్నాయి. వాటిని ఒక్క ప్రశ్నగా కట్టింది మాత్రం ఐదో తరగతి దాకా చదివిన మా నాయన.

మానేద్దామా అనుకున్నాను. మానేస్తే ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు, అంతకంటే ఏమీ కాదు. వెళ్లాను. ఇండియా మాట ఇండియా చెప్పినట్టే చెప్పాను. స్వయం నిర్ణయాధికారం పరాయి పాలనలో ఉన్నవాళ్లకే వర్తిస్తుందని కూడా చెప్పాను. నాయన అడిగింది ఎవరైనా అడుగుతారని చూశాను. బొలీవియా బోర్డు వైపు మరీ చూశాను. ప్రకటన వచ్చిన రెండు నెలలకే దాన్ని తన చట్టంగా చేసుకున్న దేశం అది. ఆ బోర్డు ముందున్న అబ్బాయి కనీసం తలెత్తలేదు. ఎవరూ అడగలేదు. ఉత్తమ ప్రతినిధి బహుమతి నాకిచ్చారు. ఎందుకో ఆ కప్పు ఇంటికి తీసుకెళ్లలేదు.

ఆట అయ్యాక అందరూ సొంత మాట చెప్పే పది నిమిషాలుంటాయి. అప్పుడు లేచి, తెలుగులోనే, ఆ ప్రశ్న నేనే అడిగాను. జవాబు రాలేదు గానీ మరుసటి శనివారం చర్చకు అదే పెట్టారు. ఆ రోజు కుర్చీలు ఇంకెవరో సర్దారు.

ఇప్పుడు ఒక గిరిజన గురుకులంలో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. మొన్న ఆగస్టు 9న తొమ్మిదో తరగతి పిల్లలతో ఇదే ఆట ఆడించాను. అట్టముక్కలే బోర్డులు. కోయలో మాట్లాడినా సరే, తెలుగులో మాట్లాడినా సరే అన్నాను. ఈసారి ఆ ప్రశ్న ఎవరూ అడగకుండా పోకూడదని బొలీవియా చీటీ వెనక రాసిపెట్టాను. ఆ పిల్ల లేచి, గుక్క తిప్పుకోకుండా అడిగేసింది. ఇండియా అయిన పిల్లాడు బోర్డు ఎత్తాడు, దించాడు, పక్కవాడి వైపు చూశాడు.

"మేడం, మా సర్కారును అడిగి రేపు చెప్తాం" అన్నాడు.