మధ్యాహ్నం వాడిన మందారం

మా పెరట్లో ఎర్రటి రేకమందారం ఒకటుంది. కొత్తపేట చుట్టుపక్కల పల్లెల్లో మందారం లేని పెరడు అరుదు గనుక, ఇందులో వింతేముందని మీరనవచ్చు. అయితే అది మా అమ్మ నాటిన మొక్క. ఆదివారం ఆరాధనకు బయలుదేరే ముందు నాలుగు పువ్వులు కోసి, తడిగుడ్డలో చుట్టి తీసుకువెళ్లేది. రేకమందారం ఒక్కరోజు పువ్వు. "రేపటికి దాచుకోలేం, ఇవాళే ఇచ్చేయాలి" అనేది.

అమ్మ ప్రభువునందు నిద్రించిన తరువాత వచ్చిన మొదటి వేసవి అది. రోహిణి కార్తె. కాలువలు కట్టేశారు. మధ్యాహ్నం రెండయ్యేసరికి మందారం ఆకులన్నీ వేలాడిపోయేవి. చూసి మా ప్రాణం ఉసూరుమనేది. వెంటనే బోరింగు కొట్టి రెండు బకెట్లు పోసేవాళ్లం. సాయంత్రం మరో రెండు. పడుకోబోయే ముందు ఇంకొకటి. అమ్మ మొక్క ఎండిపోయిందనే మాట రాకూడదని మా పట్టుదల.

మూడు వారాలకు ఆకులు పచ్చబడ్డాయి, మొగ్గలు విచ్చకుండానే రాలాయి. నీళ్లు చాలడం లేదనుకుని ఇంకా పోశాం.

కడియం నర్సరీల్లో చాలాకాలం పనిచేసిన పెద్దాయన ఒకరు మా వీధిలో ఉన్నారు. ఆయన వచ్చి పాదులో పుల్లతో జానెడు లోతు తవ్వారు. మట్టి బురదగా ఉంది, కుళ్లువాసన కొట్టింది. "దాహం కాదు బాబూ, మునిగిపోతోంది. అమ్మ మొక్కని ముద్దుచేసి వేళ్లు కుళ్లబెట్టారు" అన్నారు. మాకు నోట మాట రాలేదు.

ఆయన చెప్పింది ఇదీ. మండుటెండలో ఆకుల నుండి పోయినంత వేగంగా వేళ్లు నీరు తోడలేవు గనుక, తడి ఉన్నా మధ్యాహ్నం ఆకు వాలుతుంది, పొద్దువాలాక తేరుకుంటుంది. తెల్లవారినా తలెత్తకపోతే అప్పుడు మట్టి చూడాలి. రెండంగుళాల లోతున వేలికి పొడిగా తగిలితే దాహం. తడిగా ఉంటే వేళ్లకు గాలి అందడం లేదన్నమాట. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు గనుక ఆకు అప్పుడూ వాడుతుంది. అది చూసి మనం మళ్లీ పోస్తాం.

ఆ రోజే పాదుకు గండికొట్టి నీరు తీశాం. మట్టి గుల్లచేశాం. పడమటి వైపు కొబ్బరి మట్టలు దడిగా కట్టాం. బాగున్న కొమ్మలు నాలుగు కోసి కుండీల్లో గుచ్చి నీడన పెట్టాం. తల్లిమొక్క సగం ఎండిపోయింది. తొలకరికి ఒక్క కొమ్మ చిగిర్చింది. గుచ్చిన నాలుగింటిలో రెండు నాటుకున్నాయి.

ఇప్పుడు మేం చేసేది చెబుతాం. మందారానికి రోజుకు అయిదారు గంటల ఎండ కావాలి. పూర్తిగా నీడన పెడితే ఆకే గాని పువ్వు రాదు. ఉదయపు ఎండ మంచిది; వేసవిలో పడమటి ఎండను కొంత ఆపాలి. నేలలో కుదురుకున్న మొక్కకు మట్టి చూసుకుని, ఉదయాన్నే, లోతుకు ఇంకేలా నిదానంగా పోస్తాం. కుండీ త్వరగా ఆరుతుంది గనుక రోజూ పోయాలి, ఎండ ముదిరితే సాయంత్రం కూడా. అడుగు చిల్లు మూసుకుపోకుండా ఇటుకల మీద పెడతాం. పాదులో కొబ్బరి పీచు పరుస్తాం, మొదలుకు నాలుగు వేళ్లు ఎడంగా. వాడిన మొక్కకు ఎరువు వెయ్యం. రాజోలు వైపు సముద్రపు దగ్గర ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటే ఆకు అంచులు మాడతాయి. అటువంటివారు వాననీరు పట్టుకుంటే మేలు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీటితో పండిన సీమ మనది. నీరంటే ఎంతైనా మంచిదే అనిపిస్తుంది. కాని నీరు తెచ్చే కాలువతోపాటు నీరు తీసే మురుగు కాలువ కూడా ఉంటేనే చేను నిలుస్తుందని మన రైతులందరికీ తెలుసు. మాకూ తెలుసు. మా పెరట్లో ఒక్క మొక్క దగ్గర మరచిపోయాం.

ఇప్పుడు మధ్యాహ్నం ఆకులు వాలితే బకెట్ ముట్టుకోం. ముందు మట్టి ముట్టుకుంటాం. ఆదివారం నాలుగు పువ్వులు మళ్లీ తడిగుడ్డలో వెళుతున్నాయి.