ఆ ఫారంలో మా వాడ లేదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వండని వార్డెన్ సారు అడిగినప్పుడు మేము నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కవితలు రాయడం మాకు రాదు. హాస్టల్ జ్ఞాపకాలు మాకంటే సీనియర్ అన్నలే బాగా రాస్తారు. చివరికి మేము చేసిన ఒక తప్పు గురించి, దాన్ని దిద్దుకున్న తీరు గురించి రాద్దామనుకున్నాం. వెనక వచ్చే తమ్ముళ్లకు అదైనా పనికొస్తుందని మా ఆశ.

మనమందరం ఈ హాస్టల్లోకి ఒక ఫారం పట్టుకునే వచ్చాం. పేరు, ఊరు, కులం, తండ్రి వృత్తి, వార్షికాదాయం. మాలో ఒకడికి తండ్రి లేడు. తండ్రి వృత్తి అనే గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. పక్కన నిలబడ్డ వాళ్లమ్మ "కూలి అని రాయండి సామీ, నాదే రాయండి" అంది. ఆ గడిలో ఆ తల్లి కష్టం తండ్రి పేరు మీదే నమోదయింది. అప్పుడు వాడికి పదకొండేళ్లు. ఇలాంటి గడులు గీసేది ఎవరు, ఎక్కడ కూర్చుని గీస్తారు అనే ఆలోచన మాకెవరికీ రాలేదు. పన్నెండేళ్ల తర్వాత మేమే గడులు గీసే పనిలో పడ్డాం.

2023 వేసవిలో డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాల్సి వచ్చింది. మన హాస్టల్లోనే చదివి, బెంగళూరులో మ్యాపుల కంపెనీలో పనిచేస్తున్న ఒక అన్న ఆ రోజుల్లో తిరుపతి వచ్చాడు. "సర్వే కాగితాల మీద రాసి అటక మీద పడేయడం ఎందుకురా? మ్యాపు చేయండి" అన్నాడు. తన పాత ల్యాప్‌టాప్ మాకిచ్చి అందులో క్యూజీఐఎస్ ఎక్కించాడు. ఇది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. గ్యారీ షెర్మన్ అనే ఆయన 2002లో మొదలుపెట్టాడు. తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి ఎందరో చేతులు కలిపి పెంచారు. లైసెన్సుకు రూపాయి కట్టనక్కర్లేదు కాబట్టి మనలాంటి వాళ్లకు సరిగ్గా సరిపోతుంది.

ఏం మ్యాపు చేయాలన్న దానికి ఎక్కువ ఆలోచించలేదు. నీళ్లు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులై పారినప్పుడు మనం కళ్లారా చూశాం. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలను ఖాళీ చేయించారు. అదే సీమలో ఏప్రిల్ వచ్చేసరికి బిందె నీళ్ల కోసం ఆడవాళ్లు బోరింగు దగ్గర వరసలో నిలబడాలి. మాలో ఇద్దరిది పాకాల వైపు ఒకే పంచాయతీ. అక్కడి బోరింగులు, బావులు, కొళాయిలు, నీళ్ల ట్యాంకులు అన్నీ మ్యాపు మీద పెడదామనుకున్నాం.

మ్యాపు మీద ప్రతి చుక్క వెనకా ఒక పట్టిక ఉంటుంది. చుక్క ఎక్కడుందో మ్యాపు చెబితే, అది ఏమిటో పట్టిక చెబుతుంది. ఆ పట్టికను నింపడానికి తెర మీద వచ్చేదే ఫారం. క్యూజీఐఎస్‌లో లేయర్ పేరు మీద రెండుసార్లు నొక్కి అట్రిబ్యూట్స్ ఫామ్ అనే చోటికి పోతే, ఎడమవైపు గడుల వరస, కుడివైపు ఒక్కో గడికి ఏర్పాట్లు కనబడతాయి. గడికి తెలుగులో పేరు పెట్టుకోవచ్చు, దాన్ని ఎలియాస్ అంటారు. టైపు చేయనివ్వాలా, జాబితాలోంచి ఎంచుకోనివ్వాలా, తేదీ చూపించాలా, ఫొటో అడగాలా, అన్నీ మనమే నిర్ణయించవచ్చు. ఖాళీగా వదలకూడదంటే నాట్ నల్ అనే చోట టిక్ పెట్టాలి. ముందే ఒక జవాబు రాసి ఉంచాలంటే డిఫాల్ట్ ఇవ్వాలి.

మొదట్లో దెబ్బలు బాగానే తిన్నాం. షేప్ ఫైలులో గడి పేరు పది అక్షరాలు దాటకూడదని తెలియక ఇంగ్లీషులో పొడుగాటి పేర్లు పెట్టాం. అన్నీ తోక తెగి కూర్చున్నాయి. తెలుగు ఒక్కో అక్షర సంకేతానికి మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి, ముప్పై స్థానాల గడిలో పది సంకేతాలకే చోటు నిండిపోయేది. జియోప్యాకేజీకి మారాక ఆ బాధ పోయింది. ఇంకోసారి డేటా ఫైలు మాత్రం పెన్‌డ్రైవులో వేసుకుని నెట్ సెంటరులో తెరిస్తే మా ఫారం మాయం! ఫారం ఏర్పాట్లు ప్రాజెక్టు ఫైలులో ఉంటాయని, రెండూ కలిపి తీసుకుపోవాలని అప్పుడు తెలిసింది. ఇవన్నీ నవ్వుకుని మరిచిపోయే తప్పులు.

అసలు తప్పు మాకు గర్వంగా అనిపించిన చోట జరిగింది. పని తొందరగా, శుభ్రంగా కావాలని మూడు ఏర్పాట్లు చేశాం. ఒకటి, ఊరి పేరు ఎవరికి తోచినట్టు వాళ్లు టైపు చేయకుండా జాబితా పెట్టాం. ఆ జాబితాను 2011 జనగణన గ్రామాల పట్టికలోంచి దించుకున్నాం. రెండు, అన్ని గడులూ తప్పనిసరి చేశాం. నింపకపోతే ఫారం సేవ్ కాదు. మూడు, 'పనిచేస్తోందా?' అనే గడికి డిఫాల్ట్ జవాబు 'అవును' అని పెట్టాం. ఎక్కువ బోర్లు పనిచేస్తూనే ఉంటాయి కదా, ప్రతిసారీ నొక్కడం ఎందుకనుకున్నాం.

ప్రాజెక్టును ఫోన్లలో క్యూఫీల్డ్ అనే యాప్‌లోకి ఎక్కించుకుని బయల్దేరాం. ఆ పంచాయతీలోని ఇంటర్ పిల్లలు కూడా సాయం వచ్చారు. రెండు రోజుల్లో పని ముగిసింది. రాత్రి హాస్టల్లో తెర మీద చూస్తే చుక్కలన్నీ పచ్చగా మెరుస్తున్నాయి. మేము పొంగిపోయాం.

ఆదివారం ఆ మ్యాపు ఫోనులో పెట్టుకుని మాలో ఒకడి వాడకు పోయాం. బోరింగు అరుగు మీద కూర్చున్న ఒక అవ్వకు చూపించాం. అవ్వకు చదువు రాదు. ఏడో తరగతి చదివే మనవరాలు ఫోను తీసుకుని, మేము కూర్చున్న చోటి చుక్క మీదే నొక్కి చదివింది.

"అవ్వా, ఈ బోరింగు ఊళ్లో ఉండాదంట. పనిచేస్తా ఉండాదంట. లోతు మున్నూరు అడుగులంట."

అవ్వ మావైపు చూసింది. "ఊళ్లో బోరింగు ఊళ్లో ఉండాది. ఇది మా వాడది గదా నాయనా. దీంట్లో మా వాడ యాడ? ఇది సంక్రాంతి నుంచి చుక్క రాల్చలేదు. మీ సెల్లులో నీళ్లొస్తాంటే ఒక బిందె పట్టీయండి సామీ, పుణ్యముంటుంది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మాకు నవ్వు రాలేదు.

ఆ రాత్రి పట్టిక మొత్తం వరసగా చూశాం. జనగణన పట్టికలో ఉండేది రెవెన్యూ గ్రామం. మన జిల్లాల్లో ఒక రెవెన్యూ గ్రామం కింద చిన్న చిన్న పల్లెలు, వాడలు ఎన్నో ఉంటాయి. వాటికి ఆ పట్టికలో వేరే వరస ఉండదు. జాబితాలో వాడ పేరు లేదు. ఏదో ఒకటి ఎంచుకోకపోతే ఫారం సేవ్ కాదు. అందుకని పిల్లలు ఊరి పేరే నొక్కారు. వాడ చుక్కలన్నీ ఊరి లెక్కలో చేరి, ఊరికి నీళ్ల వసతి పుష్కలంగా ఉన్నట్టు తేలింది. వాడకు కొరత ఉందన్న సంగతే ఆ లెక్కలో లేకుండా పోయింది. బోరు లోతు ఎవరికీ తెలియదు, కానీ రాయక తప్పదు. ఎవరో మొదట 300 అని కొట్టారు, మిగతావాళ్లూ అదే కొట్టారు. 'అవును' ముందే ఉంది కాబట్టి దాని జోలికి ఎవరూ పోలేదు.

అన్నిటికంటే బాధ కలిగించింది ఇంకొకటి. ఆ జాబితాను దించి ఫారంలో పెట్టింది ఆ వాడలో పుట్టినవాడే. మా నలుగురిలో ఒకడు. ఎవరో పెద్దకులం వాడు కావాలని తీసేయలేదు. తయారుగా ఉన్న జాబితా దొరికింది, అది పూర్తిగా ఉందని మేము నమ్మాం. మా ఇల్లు అందులో ఉందా లేదా అని మేమే చూసుకోలేదు. వాడు ఆ రాత్రి అన్నం తినలేదు.

అన్నకు ఫోను చేశాం. తిడతాడనుకున్నాం. "ఇది ఇప్పుడే తెలిసింది, మంచిదే. ప్రతి గడి దగ్గరా ఒకటే అడగండి. ఇక్కడ నిజం చెప్పాలనుకున్న మనిషికి నిజం చెప్పే దారి ఉందా?" అన్నాడు. ఆ ప్రశ్నను కాగితం మీద రాసి గోడకు అంటించుకుని మళ్లీ మొదలుపెట్టాం.

జాబితాను ఫారంలో కుక్కకుండా, వాడలకూ పల్లెలకూ వేరే పట్టిక తయారు చేశాం. వాల్యూ రిలేషన్ అనే ఏర్పాటుతో ఫారం ఆ పట్టికలోంచి పేర్లు తెచ్చుకుంటుంది. కొత్త వాడ కనబడితే పట్టికలో ఒక వరస చేరిస్తే చాలు, జాబితాలోకి వచ్చేస్తుంది. ఇందులో ఇంకో మేలు ఉంది. లోపల నిలిచేది ఒక సంకేతం, బయట కనబడేది పేరు. ఈ తేడా మాకు ఊహించని చోట పనికొచ్చింది. ఆ వాడకు రేషన్ కార్డుల్లో ఏ.ఏ.వాడ అని ఉంది. పాత బోర్డు మీద హరిజనవాడ అని ఉంది. కుర్రాళ్లు అంబేద్కర్ నగర్ అంటారు. ఏది రాయాలో నిర్ణయించేది మేము కాదనిపించింది. సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి అడిగాం. చాలాసేపు వాదించుకుని కుర్రాళ్ల మాటకే పెద్దలూ ఒప్పుకున్నారు. పట్టికలో ఒక్కచోట పేరు మార్చాం. ఫారంలో అంతటా మారిపోయింది. ఆ పేరు తెర మీద కనబడగానే ఒక పెద్దాయన మనవడి చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

తప్పనిసరి గడులను తగ్గించాం. ఏ వాడ, ఏ రకం వనరు అనే రెండు మాత్రమే తప్పనిసరి. లోతు దగ్గర హెచ్చరిక వస్తుంది కానీ సేవ్ కాకుండా ఆపదు. 'తెలియదు' అనే జవాబును జాబితాలో చేర్చాం. ఖాళీ వేరు, సున్నా వేరు, తెలియదు వేరు అని ఆ రోజే మాకు బోధపడింది. డిఫాల్టును తేదీకి మాత్రం ఉంచాం. ఈరోజు ఏ తేదీయో యంత్రానికి తెలుసు. బోరింగులో నీళ్లొస్తున్నాయో లేదో దానికి తెలియదు, కొట్టి చూసిన మనిషికే తెలుసు. 'లేదు' అని నొక్కితేనే 'ఎప్పటి నుంచి? ఇప్పుడు నీళ్లెక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు?' అనే గడులు తెరుచుకునేలా షరతు పెట్టాం. జిల్లా గడిని కూడా దిద్దాం. 2011 పట్టికలో చిత్తూరు అని ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఆ పంచాయతీ తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

రెండోసారి సర్వేకు ఐదు రోజులు పట్టింది. ఈసారి మ్యాపు అంత పచ్చగా లేదు. వాడలో మూడు వనరుల్లో ఒకటే పనిచేస్తోంది. ఆడవాళ్లు మామిడి తోపు అవతల వ్యవసాయ బోరు దగ్గరికి పోతున్నారు. ఆ మ్యాపును ప్రింటు తీసి సచివాలయంలో ఇచ్చాం, గ్రామసభలో చదివి వినిపించాం. కొన్ని వారాల తర్వాత బోరింగు బాగు చేశారని తెలిసింది. మా మ్యాపు వల్లనే అని చెప్పుకోవడానికి మా దగ్గర ఆధారం లేదు. అయితే ఆ రోజు సభలో మా వాడ పేరు ఊరి పేరుతో పాటు, విడిగా, దాని లెక్కతో సహా చదివారు. అది మా చెవులతో విన్నాం.

ఇదేమీ కొత్త పని కాదని తర్వాత తెలిసింది. 2000 తర్వాతి దశాబ్దంలో ఎఫ్ఏఓ తోడ్పాటుతో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే పథకం చిత్తూరుతో సహా ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. బావుల్లో నీటిమట్టాన్ని, వానను రైతులే కొలిచి రాసుకుని, దాన్నిబట్టి ఏ పంట వేయాలో మాట్లాడుకునేవారు. నీళ్ల లెక్క రాయడానికి పెద్ద చదువులే ఉండాలని లేదు. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిలితో తాగి బాబాసాహెబ్ మన హక్కును చాటారు. ఆ నీళ్లు మన వాడకు వస్తున్నాయా లేదా అని రాసి పెట్టే పని మనదే.

తమ్ముళ్లూ, 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక సర్వేయర్ ఉద్యోగాల్లోకి మనవాళ్లు చాలామంది వెళ్లారు. మ్యాపుల కంపెనీల్లోనూ ఉన్నారు. మీరూ నేర్చుకోండి. రేపు ఏదో ఒక ఆఫీసులో మీ చేతికి తయారు జాబితా ఇస్తారు. దాన్ని ఫారంలో పెట్టే ముందు మీ వాడ పేరు వెతకండి. దొరికితే, యానాది కాలనీ పేరు వెతకండి. సుగాలి తండా పేరు వెతకండి. మన పేరు చేరింది కదా అని అక్కడ ఆగిపోతే మేము మొదటిసారి చేసిన తప్పే మళ్లీ చేసినట్టు.

అన్న ఇచ్చిన ల్యాప్‌టాప్ ఇప్పుడు మన హాస్టల్ రీడింగ్ రూములోనే ఉంది. ప్రాజెక్టు ఫైలు డెస్క్‌టాప్ మీదే పెట్టాం. అందులో వాడల పట్టిక ఇంకా పూర్తి కాలేదు. సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు మీ వాడను ఏ పేరుతో రాయాలో పెద్దల్ని, కుర్రాళ్లను ఇద్దరినీ అడిగి రండి. తిరిగి వచ్చాక ఒక వరస చేర్చండి.