దూదిపింజల గొట్టం

మా పొన్నూరులో మూడు రోజులు జ్వరం తగ్గకపోతే ఇరుగుపొరుగు అడిగే మాట ఒకటే: "వైడాల్ చేయించారా?" పోయినేడు వానాకాలంలో అమ్మకు చేయించాం. పాజిటివ్ వచ్చింది. ఆ కాగితం చూసి టైఫాయిడ్ అన్నారు, అయిదు రోజులు ఇంజెక్షన్లు చేశారు. జ్వరం దిగలేదు. తర్వాత ఇంకో డాక్టరు నడుము దగ్గర నల్లటి పక్కు చూసి స్క్రబ్ టైఫస్ అని పట్టుకున్నారు. మందు మార్చిన రెండు రోజులకే లేచి కూర్చుంది. మరి ఆ పాజిటివ్ ఎక్కడిది?

అది కనుక్కుందామనే చేబ్రోలు మీదుగా గుంటూరు బస్సెక్కాను. 1946లో పెట్టిన మెడికల్ కాలేజీ. మైక్రోబయాలజీ ల్యాబ్‌లో రెండో ఏడాది ఎంబీబీఎస్ పిల్లలకు ఆ రోజు వైడాల్ ప్రాక్టికలే. ఫ్రాన్స్‌లో 1896 నాటి పరీక్ష ఇది.

సీరాన్ని సగానికి సగం పలచన చేస్తూ వరుసగా గొట్టాల్లో పోస్తారు. చంపేసిన టైఫాయిడ్ క్రిములు కలిపి 37 డిగ్రీల నీళ్లలో రాత్రంతా ఉంచుతారు. పాఠం చెబుతున్న మేడం నిన్నటి గొట్టమొకటి వెలుతురుకెత్తి మెల్లగా కదిపారు. అడుగు నుంచి తెల్లటి పింజలు లేచాయి, అచ్చం ఏకిన దూదే. క్రిముల తోకలను యాంటీబాడీలు ఒకదానికొకటి ముడేస్తే అలా అవుతుందట. పక్క గొట్టంలో పింజల్లేవు, అడుగున పల్చటి బిళ్లలా పరుచుకుంది. అది క్రిమి ఒంటికి అంటుకున్న యాంటీబాడీల పని.

"ఇది ఇప్పటి జబ్బో పాతదో తెలుస్తుందా మేడం?"

"ఈ ఒక్క గొట్టంతో తెలీదండీ. మీ అమ్మగారికి ఎప్పుడన్నా టైఫాయిడ్ వచ్చిందా?"

వచ్చింది. చిన్నతనంలో నెల్లాళ్లు లంఖణాలు చేసిందని అమ్మమ్మ చెప్పేది. ఒంటికి ఆ జ్ఞాపకం పోదు. టీకా వేయించుకున్నా అంతే. వేరే జ్వరం తగిలినా పాత యాంటీబాడీలు ఒక్కోసారి మళ్లీ లేస్తాయి. టైఫాయిడ్ తిరుగుతుండే మన ఊళ్లలో అందుకే ఒక్క పరీక్షను నమ్మకూడదు. వారం, పది రోజులకు మళ్లీ చేస్తే యాంటీబాడీల లెక్క నాలుగింతలు పెరిగి ఉండాలి. మొదటి వారంలో అసలు యాంటీబాడీలే తయారుకాకపోవచ్చు. అప్పుడు యాంటీబయాటిక్ వేయకముందే రక్తం తీసి కల్చర్‌కు పంపాలి. ఇంత చిన్న సంగతి మాకెవరూ చెప్పలేదు. అయిదు రోజులు అమ్మ ఊరికే బాధపడింది.

నేను లేచేసరికి ఒకబ్బాయి రికార్డు తెచ్చాడు. టైటర్, అంటే యాంటీబాడీల లెక్క, 160 అని రాశాడు. మేడం సంతకం పెట్టకుండా తిరిగిచ్చారు.

"జ్వరమొచ్చి ఎన్నో రోజు? అడిగి రాసుకురా నాన్నా."