పెట్రోల్లో నీళ్లు వస్తే ఎవరిని అడగాల, ఎట్ల అడగాల

ఈసారి పోస్టు పంట గురించి కాదు, బండి గురించి. కొంచెం పొడుగైతాది, ఓపికగా చదవండి.

వానలు పడినప్పుడల్లా మన పక్క ఒక మాట వినపడుతుంటుంది. "నిన్న సాయంత్రం పెట్రోల్ పోయించినా అన్నా, పొద్దున్నే బండి స్టార్ట్ కాలేదు" అని. మెకానిక్ ట్యాంకు ఇప్పితే అడుగున నీళ్లు. ఆయనకు ఐదు నూర్లో వెయ్యో ఇచ్చి, ఇంట్లో కూర్చొని బంకోన్ని నాలుగు తిట్లు తిట్టి, మళ్లీ వారానికి అదే బంకుకు పోతాం. ఏండ్ల తరబడి ఇదే యవ్వారం.

పోయిన వానాకాలం నా ఓమ్నీకి ఇదే జరిగింది. పత్తికొండలో పనులు చూసుకొని వస్తా వస్తా ఒక బంకులో వెయ్యి రూపాయల పెట్రోల్ పోయించినా. ఇంటికి బాగానే వచ్చింది. తెల్లారి ఐదు గంటలకు టమోటా బాక్సులు వేసుకొని మార్కెట్‌కు బయలుదేరితే, ఊరు దాటినాక రెండు కిలోమీటర్లకు జర్కులు కొట్టడం మొదలుపెట్టింది. ఇంకొంచెం దూరం పోయి ఆఫ్ అయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతాది కానీ అందుకోదు. ఆటో పిలిపించి బాక్సులు మార్చి మార్కెట్‌కు చేరేసరికి వేలం పాట అయిపోయింది. మిగిలిన ఒకరిద్దరు వ్యాపారులు అడిగిన రేటుకు ఇచ్చి రావాల్సి వచ్చింది. టమోటా ఇంకో రోజు ఆగే సరుకు కాదు కదా.

రాత్రి బాగా నడిచిన బండి పొద్దున ఎందుకు నిలబడిందో మెకానిక్ చెప్పినాడు. లీటరు నీళ్లు వెయ్యి గ్రాములు తూగుతాయి. లీటరు పెట్రోల్ 720 నుంచి 775 గ్రాముల మధ్య ఉంటాది. బండి కదులుతున్నంత సేపు రెండూ కలబడి ఉంటాయి. రాత్రంతా కదలకుండా నిలబెడితే బరువైన నీళ్లు అడుక్కు దిగుతాయి. ఇంజన్‌కు పెట్రోల్ లాగేది ట్యాంకు అడుగు నుంచే. అంటే పొద్దున్నే ఇంజన్ తాగేది మొదట నీళ్లే.

బంకులో నీళ్లు ఎట్ల వస్తాయి? వాళ్ల ట్యాంకులు భూమిలో ఉంటాయి. మూత దగ్గర రబ్బరు పాడైతే, చుట్టూ వాన నీళ్లు నిలిస్తే, లోపలికి దిగుతాయి. ట్యాంకర్ లారీలోనే వచ్చి ఉండొచ్చు. కాబట్టి నీళ్లు కనపడిన ప్రతి చోటా ఓనరు కావాలని కలిపినాడని అనలేం. అయితే రోజూ చూసుకోవాల్సిన బాధ్యత మాత్రం ఆయనదే.

ఇంకో సంగతి ఉంది. ఇప్పుడు పెట్రోల్ అంటే ఒట్టి పెట్రోల్ కాదు, అందులో ఇథనాల్ కలుస్తాది. దేశంలో 2022 జూన్‌కు 10 శాతం కలిపే దాకా వచ్చినారు. 20 శాతం కలిపిన పెట్రోల్ అమ్మకం 2023 ఫిబ్రవరిలో బెంగుళూరులో మొదలుపెట్టినారు. 2030కి పెట్టుకున్న గడువును 2025కే ముందుకు జరిపినారు. చెరుకు, మొక్కజొన్న, నూకల నుంచి తీసే సరుకు ఇది. మొక్కజొన్న వేసే రైతుకు ఇంకొక గిరాకీ వచ్చింది, దాన్ని నేను కాదనను. కానీ ఇథనాల్‌కు నీళ్లంటే మహా ఇష్టం. కొంచెం తేమ ఉంటే తనలో కలుపుకుంటాది. ఒక హద్దు దాటినాక పెట్రోల్‌ను వదిలేసి నీళ్లతో కలిసి అడుక్కు పోతాది. అందుకే వెనకట లెక్కన గ్లాసెడు నీళ్లు దిగితే గ్లాసెడే కాదు, ఇథనాల్‌తో కలిసి అంతకంటే ఎక్కువ అడుగున చేరుతాది. మూతల దగ్గర వెనకట ఉన్న జాగ్రత్త ఇప్పుడు చాలదు.

చాలామంది రెండు సమస్యలను ఒకటి చేసి మాట్లాడతారు. ఇథనాల్ వల్ల మైలేజీ కొంత తగ్గుతాది, పాత బండ్లకు ఇంకొంచెం ఎక్కువ తగ్గుతాది. అది ప్రభుత్వ నివేదికలోనే ఉంది. అది వేరే మాట. పోయించిన మరుసటి రోజే బండి నిలబడిపోతే అది ఇథనాల్ కాదు, నీళ్లు. బంకులో "అంతా ఇథనాల్ అన్నా, గవర్నమెంటును అడుక్కో" అంటే తల ఊపి రావద్దు.

ఇంగ నా సంగతి. మెకానిక్‌ను ట్యాంకులోని సరుకు కింద పారబోయొద్దన్నా. తెల్ల గాజు సీసాలోకి పట్టించి కాసేపు కదలకుండా పెట్టినాం. నడుమ గీత గీసినట్టు రెండు పొరలు కనపడినాయి. ఫోన్లో ఫోటో తీసుకున్నా. ట్యాంకు దించి కడగడం, ఫిల్టర్, ప్లగ్గులు, కూలి అన్నీ కలిపి 3,400 అయింది. దానికి చేతిరాత బిల్లయినా సరే, తేదీ వేసి ఇమ్మని తీసుకున్నా. ఆ రోజే మా ఊర్లో ఇంకా ఆరు బైకులు నిలబడినాయని తెలిసింది. అందరూ ముందు రోజు సాయంత్రం అదే బంకులో పోయించుకున్నోళ్లే.

ఏడుగురం కలిసి పోదామని అందరి ఇండ్లకూ తిరిగినా. వచ్చింది నాతో కలిపి ముగ్గురం. మిగతా నలుగురిలో ఒకాయన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "అన్నా, నా పేరు ఎత్తొద్దు. బుడ్డలు పీకే దాకా ట్రాక్టర్ డీజిల్ ఆయప్ప దగ్గరే ఖాతా. రేపు పోయొద్దంటే గుంటక ఎట్ల తోలేది?" ఆయన పిరికోడు కాదు. ఊర్లో ఎవరికి కష్టమొచ్చినా ముందుండే మనిషి. బ్యాంకు లోను మార్చుకునే దాకా, పంట చేతికొచ్చే దాకా, డీజిల్ అప్పు ఇచ్చే చెయ్యి అది ఒక్కటే. సరుకు బాగలేదని అడిగే నోరు ఆ ఖాతాలో కట్టుబడి ఉంది.

బంకు కాడ మొదట మేనేజర్ ఒప్పుకోలేదు. "రాత్రి వానకు మీ బండి ట్యాంకులోకే నీళ్లు పోయింటాయి" అన్నాడు. ఏడు బండ్లకు ఒకే రాత్రి ఒకే తీరుగా ఎట్ల పోతాయని అడిగినా. మాతో వచ్చిన పిల్లోడు పైపు పట్టుకునే కుర్రోని మీదికి పోబోతే ఆపినా. నెలకు ఎనిమిది తొమ్మిది వేలకు ఎండలో నిలబడేటోనికి భూమిలో ట్యాంకు గురించి ఏం తెలుస్తాది? ఓనరును పిలిపించమన్నాం. ఆయన వచ్చినాక ఒకటే అడిగినాం, మా ముందర ట్యాంకులో రాడ్డు దించి చూపించమని. రాడ్డు కొనకు నీళ్లు కనుక్కునే పేస్టు పూసి దించుతారు, నీళ్లు తగిలిన కాడికి దాని రంగు మారుతాది. మారింది. ఆయనా చూసినాడు, మేమూ చూసినాం. అప్పుడు ఇంగ మాటలు లేవు. ఆ ట్యాంకు పంపులు ఆపించి, కంపెనీకి ఫోన్ చేసినాడు. మా ముగ్గురికీ పెట్రోల్ డబ్బు, మెకానిక్ బిల్లు ఇచ్చినాడు. టమోటా నష్టం మాత్రం తన లెక్కలోకి రాదన్నాడు. రాని నలుగురికి ఏమీ రాలేదు.

నెల తిరక్కుండానే నా ఖాతా బాకీ ఒకేసారి కట్టమని కబురు వచ్చింది. ప్రతి ఏడూ పత్తి అమ్మినాక కట్టేది. ఈసారి బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టినా. అంటే నాకు వచ్చిన దానిలో కొంత అటే పోయింది. మీకు తెలియాలనే ఇది కూడా రాస్తున్నా. అడిగితే అంతా సుఖంగా జరిగిపోతాదని నేను చెప్పను.

అయినా అడగమనే చెప్తా. ఎందుకంటే అడగడానికి మనకు హక్కులు ఉన్నాయి. నిత్యావసర వస్తువుల చట్టం కింద 2005లో కేంద్రం పెట్రోల్, డీజిల్ కల్తీ గురించి ఒక ఉత్తర్వు తెచ్చింది. బంకులో అడగదగినవి ఇవి:

1. ఫిల్టర్ పేపర్. దాని మీద ఒక చుక్క పెట్రోల్ వేస్తే ఆరిపోయి మరక లేకుండా పోవాల. మరక మిగిలితే అనుమానించాల. కిరోసిన్ లాంటివి తెలుసుకోవడానికి ఇది పనికొస్తాది. ఇది ఉచితం.
2. డెన్సిటీ. ట్యాంకర్‌తో వచ్చిన కాగితంలోని డెన్సిటీకి, బంకులో కొలిచిన దానికి 3 కంటే ఎక్కువ తేడా ఉండకూడదు.
3. ఐదు లీటర్ల కొలత. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న పాత్ర బంకులో ఉండాల. తక్కువ వస్తోందని అనుమానముంటే మీ ముందర పట్టించమనండి.
4. నీళ్ల అనుమానమైతే రాడ్డు, పేస్టు. పైన రెండు పరీక్షల్లో అడుగున ఉన్న నీళ్లు బయటపడకపోవచ్చు, అందుకే ఇది మరిచిపోవద్దు.
5. బిల్లు. యాభై రూపాయలకు పోయించినా అడగండి. బిల్లు లేకపోతే మన మాట గాలి మాటే.

బంకులో వినకపోతే బోర్డు మీద ఉండే కంపెనీ అధికారి నంబరుకు ఫోన్ చేయండి. పౌర సరఫరాల అధికారులకు రాసివ్వండి. 2022 నుంచి పత్తికొండలోనే ఆర్డీఓ ఆఫీసు ఉంది, ప్రతి పనికీ కర్నూలు పోవాల్సిన పని లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. సీసాలో పట్టిన పెట్రోల్ మాత్రం ఇంట్లో, పొయ్యి దగ్గర, పిల్లలకు అందేట్టు పెట్టొద్దు.

2025 జూన్‌లో మధ్యప్రదేశ్‌లోని రత్లాం దగ్గర ముఖ్యమంత్రి మోహన్ యాదవ్ కాన్వాయ్‌కి చెందిన 19 బండ్లు ఒక బంకులో డీజిల్ పోయించుకొని కొంచెం దూరానికే నిలబడిపోయినాయి. ట్యాంకులు ఇప్పితే డీజిల్‌తో నీళ్లు. అధికారులు వెంటనే వచ్చి బంకు సీలు చేసినారు. ముఖ్యమంత్రి బండ్లు కాబట్టి అంత తొందరగా జరిగింది. మన బైకుకు అధికారి రావాలంటే పది మంది సంతకాలతో కాగితం పోవాల.

ఈ పని చేస్తా ప్రాణాలు పోగొట్టుకున్నోళ్లు కూడా ఉన్నారు. మన పక్క రాష్ట్రం కోలార్ బంగారు గనుల పిల్లోడు మంజునాథ్ షణ్ముగం, చమురు కంపెనీలో ఆఫీసరు. ఉత్తరప్రదేశ్‌లో కల్తీ బంకును పట్టుకున్నందుకు 2005 నవంబర్‌లో కాల్చి చంపినారు. వయసు 27. మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర 2011 జనవరిలో కల్తీ ముఠాను పట్టుకోబోయిన అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనావణేను నిలువునా కాల్చేసినారు. వాళ్లు మనకోసం అంత దూరం పోయినారు. మనం బిల్లు అడగడం, రాడ్డు దించమనడం పెద్ద లెక్క కాదు.

నా మనవి ఒకటే. ఒక్కరు పోతే ఖాతా తెగుతాది. ఏడుగురు పోతే ఏడు ఖాతాలు తెంపుకోవడానికి ఏ బంకోడూ ఒప్పుకోడు. ఈసారి వానలకు ముందే మీ ఊర్లో పది మంది ఒక మాట అనుకొని పెట్టుకోండి. డీజిల్ అప్పు మాట కూడా రైతు సంఘంలోనో సొసైటీలోనో ఎత్తండి, అసలు ముడి అక్కడే ఉంది. మీకు ఇట్ల జరిగి ఉంటే ఏం చేసినారో, ఎంత ఖర్చయిందో కింద రాయండి. బంకు పేరు రాయొద్దు, మీ బిల్లు మీ దగ్గరే భద్రంగా పెట్టుకోండి.